మొక్కజొన్నలో కలుపు మందు ఎప్పుడు కొట్టాలి? ఆకులు లెక్కపెట్టి టైమ్ పట్టుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

"విత్తి 25 రోజులైంది, కలుపు బాగా వచ్చేసింది, ఏ మందు కొట్టాలి?" ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. ప్రతిసారీ నేను తిరిగి అడిగేవి రెండే. మీ మొక్కజొన్న మొక్కకి ఎన్ని కాలర్లు (పూర్తిగా విచ్చుకున్న ఆకులు) వచ్చాయి, కలుపుకి ఎన్ని ఆకులున్నాయి అని. (ఇక్కడి నుంచి జొన్న అన్న చోటల్లా మొక్కజొన్న అనే అర్థం.) ఈ రెండూ తెలియకుండా మందు పేరు చెప్పడం వల్ల ఉపయోగం లేదు, ఎందుకంటే అదే మందు వారం ముందు కొడితే చేను శుభ్రంగా ఉంటుంది, వారం ఆగి కొడితే కలుపు రెండు రోజులు వాడినట్టుండి మళ్ళీ లేస్తుంది, పైగా జొన్నకి దెబ్బ తగులుతుంది.

అందుకే మందుల పేర్ల కంటే టైమ్ గురించే ఎక్కువ రాస్తున్నాను. మోతాదు మాత్రం మీ డబ్బా మీది లేబుల్ చూసే వేసుకోండి, ఒకే మందు వేరే వేరే శాతాల్లో దొరుకుతుంది, ఒక దేశంలో ఉన్న అనుమతి ఇంకో దేశంలో ఉండదు (అట్రజిన్ అనే కలుపు మందుని యూరోపియన్ యూనియన్ 2004లోనే వద్దనేసింది, చాలా దేశాల్లో ఇప్పటికీ వాడుతున్నారు).

1. ముందు కాలర్లు లెక్కపెట్టడం నేర్చుకోండి

కాలర్ అంటే ఆకు వెళ్ళి కాండానికి అంటుకునే చోట ఆకు వెనకవైపు లేత రంగులో కనిపించే సన్నటి పట్టీ. అది కనిపిస్తేనే ఆ ఆకు పూర్తిగా వచ్చినట్టు. సుడిలో నుంచి పైకి పొడుచుకొస్తున్న ఆకుల్ని లెక్కలోకి తీసుకోకూడదు. అన్నీ లెక్కేస్తే 5 కాలర్ల మొక్క మీకు 7, 8 ఆకుల మొక్కలా కనిపిస్తుంది, లేబుల్ మీద రాసిన గడువు దాటిపోయిందనుకుని మానేస్తారు, లేదా ఉల్టాగా పొరబడతారు.

లెక్క కింద నుంచి మొదలుపెట్టాలి. అన్నిటికంటే కింద ఉండే మొదటి ఆకు కొస గుండ్రంగా ఉంటుంది, మిగతా ఆకులన్నిటి కొసలూ మొనదేలి ఉంటాయి, కాబట్టి ఆ గుండ్రటి ఆకు దొరికితే అదే ఒకటి.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. మొక్క పెరిగేకొద్దీ ఆ గుండ్రటి ఆకు ఎండి రాలిపోతుంది, అప్పుడు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో అర్థం కాదు. నేను చేసేదేంటంటే మొక్క చిన్నగా ఉన్నప్పుడే చేలో నాలుగైదు చోట్ల ఒక్కో మొక్కకి 5వ ఆకు కొస మీద కొంచెం రంగు పూసి పెడతాను, తర్వాత ఎప్పుడు వెళ్ళినా అక్కడి నుంచి 5, 6, 7 అని లెక్కేసుకోవడమే. రెండు నిమిషాల పని, కానీ తర్వాత అనుమానం అనేదే ఉండదు.

రోజుల లెక్క ఎందుకు పనికిరాదంటే, వేడిగా ఉండి నేలలో పదును (తడి) ఉంటే 3, 4 రోజులకో కాలర్ వచ్చేస్తుంది, చలిగా ఉంటే వారం పట్టొచ్చు. కాబట్టి 25 రోజుల చేను ఒక చోట 4 కాలర్ల మీద ఉంటే ఇంకో చోట 7 దాటి ఉంటుంది.

కలుపుకి కూడా ఇదే పని. ఒక అడుగు చదరంలో కూర్చుని ఏ కలుపు ఉంది, ఎన్ని ఆకుల మీద ఉంది అని చూడాలి. నిలబడి చూస్తే పెద్దవే కనిపిస్తాయి, కింద ఇప్పుడే మొలుస్తున్నవి కనిపించవు.

2. కలుపు లేకుండా ఉండాల్సిన రోజులు

మొక్కజొన్నకి దాదాపు 3 కాలర్ల నుంచి 8 కాలర్ల దాకా చేను శుభ్రంగా ఉండాలి. ఆ తర్వాత ఆకులు సాళ్ళ మధ్య కమ్ముకుని నీడ పడుతుంది, కొత్తగా మొలిచే కలుపు పెద్దగా లేవలేదు.

చాలామంది కలుపు నీళ్ళూ ఎరువూ తినడం మొదలుపెట్టాకే నష్టం అనుకుంటారు. అంతకంటే ముందే మొదలవుతుంది. పక్కనున్న పచ్చటి ఆకుల మీద పడి వెనక్కొచ్చే వెలుతురులో తేడాని జొన్న మొక్క పసిగడుతుంది, పోటీ ఉందని గ్రహించి పెరిగే తీరు మార్చుకుంటుంది. తర్వాత కలుపు తీసేసినా ఆ మార్పు పూర్తిగా సర్దుకోదు. అందుకే "ఇంకా చిన్నదేగా, ఇంకో వానకి మొత్తం మొలిచాక ఒకేసారి కొడదాం" అని ఆగొద్దు.

6 కాలర్ల దగ్గర ఇంకో సంగతి ఉంది. అప్పటిదాకా మొక్క పెరిగే మొన నేలలోపలే ఉంటుంది, పైన ఆకులు కాస్త మాడినా మళ్ళీ తేరుకుంటుంది. 6 దాటాక మొన నేల పైకి వచ్చేస్తుంది, దాదాపు అదే టైమ్‌లో లోపల కండె తయారవడం మొదలై గింజ వరసలు ఎన్ని ఉండాలో ఖాయమవుతూ ఉంటుంది. ఈ దశలో తప్పు మందు పడితే పైకి ఏమీ కనిపించకపోవచ్చు, కోతప్పుడు కండెలు మధ్యలో నొక్కేసినట్టు సన్నబడి కనిపిస్తాయి.

3. విత్తేముందు ఉన్న కలుపు

విత్తే రోజుకి నేల మీద పచ్చటి మొక్క ఉండకూడదు. దున్నితే పోయేదైతే దున్నండి. తుంగ, గరిక లాంటివి మాత్రం దున్నితే ముక్కలై చేనంతా పాకుతాయి.

వాటికి గ్లైఫోసేట్ కొట్టేవాళ్ళు అది బాగా పచ్చగా పెరుగుతున్నప్పుడే కొట్టాలి, ఎండకి వడలిపోయి దుమ్ము పట్టి ఉన్నప్పుడు కొడితే మందు వేరుదాకా దిగదు. కొట్టాక కనీసం వారం దున్నకుండా వదలాలి. బురద నీళ్ళు వాడొద్దు, మట్టి రేణువులు ఆ మందుని పట్టేసుకుని పనిచేయకుండా చేస్తాయి.

ఇది ఏ పచ్చ మొక్కనైనా చంపే మందు. దాన్ని తట్టుకునే ప్రత్యేక రకం కాకపోతే జొన్న మొలిచాక దీని జోలికి వెళ్ళకండి.

4. మొలవకముందు కొట్టే మందు: విత్తిన రోజు నుంచి 3 రోజుల్లోపు

అట్రజిన్, పెండిమెథాలిన్, ఎస్-మెటోలాక్లోర్, పైరాక్సాసల్ఫోన్ లాంటివి. ఇవి నేల పైపొరలో ఉండి మొలకెత్తే కలుపుని పట్టుకుంటాయి. అట్రజిన్ ఒక్కటే అప్పుడే మొలిచిన బుల్లి కలుపుని కూడా చంపుతుంది, మిగతావి బయటికొచ్చిన కలుపుని ఏమీ చేయలేవు.

ఈ మందులకి నీళ్ళు కావాలి, ఇదే అసలు విషయం. పొడి నేల మీద కొట్టి వదిలేస్తే మందు దుమ్ముతో పాటు అక్కడే ఉంటుంది, కలుపు గింజ కింద పదునులో హాయిగా మొలుస్తుంది. పదును ఉన్న నేల మీద కొట్టాలి, లేదా కొట్టిన వారం పది రోజుల్లో 12 నుంచి 20 మిల్లీమీటర్ల వాన గానీ తేలికపాటి తడి గానీ ఉండాలి. అలాగని ఇసుక నేలలో కొట్టిన వెంటనే పారేలా తడిపెడితే మందు గింజ దగ్గరికి దిగి జొన్న మొలకనే తినేస్తుంది.

కొట్టేముందు చూసుకోవాల్సినవి:

- నేల మెత్తగా ఉందా? పెళ్ళలుంటే వాటి కింద మందు పడదు, పెళ్ళ కరిగాక అక్కడి నుంచే కలుపు లేస్తుంది.
- గింజ 4 సెంటీమీటర్ల లోతుకి తగ్గకుండా పడి, పైన మట్టి బాగా కప్పిందా? ముఖ్యంగా పెండిమెథాలిన్‌కి. అది గింజకి తగిలితే వేళ్ళు పొట్టిగా మొద్దుగా అయిపోతాయి.
- తేలిక నేలా బరువు నేలా? ఇసుక నేలకి లేబుల్ మీది తక్కువ మోతాదు, బంకమట్టి నేలకి ఎక్కువ మోతాదు.
- సాళ్ళ మధ్యలో పప్పు జాతి అంతరపంట వేశారా? అయితే అట్రజిన్ వద్దు. పెండిమెథాలిన్ లాంటిది ఆ రెండు పంటలకీ లేబుల్‌లో ఉంటేనే వాడండి.
- తర్వాత పంట ఏంటి? అట్రజిన్ నేలలో నెలల తరబడి ఉండొచ్చు, చౌడు గుణం ఉన్న నేలలో ఇంకా ఎక్కువ ఉంటుంది, ఆ తర్వాత వేసే పప్పులు, కూరగాయలు దెబ్బతినొచ్చు.

చేతి పంపుతో కొట్టేవాళ్ళు వెనక్కి నడుస్తూ కొట్టండి. ముందుకు నడిస్తే మీ కాళ్ళే ఆ పొరని చెరిపేస్తాయి. ఆ తర్వాత రెండు మూడు వారాలు గుంటక గానీ గొర్రు గానీ తిప్పకండి, కింద ఉన్న కొత్త కలుపు గింజలు పైకొస్తాయి.

5. నీళ్ళ లెక్క, దీన్ని దాటేయకండి

నేను చూసిన చేలల్లో "మందు పనిచేయలేదు" అన్న చోట సగం సార్లు తేడా ఇక్కడే ఉంటుంది. లేబుల్ ఎకరానికో హెక్టారుకో మోతాదు చెబుతుంది, మనమేమో ట్యాంకుకి ఇన్ని మూతలు అని వేసుకుంటాం. ఎకరానికి ఎన్ని ట్యాంకులు పడతాయో తెలియకపోతే ఆ మూతల లెక్కకి అర్థమే లేదు.

ఇలా చేయండి. 10 మీటర్లు, 10 మీటర్ల గడి కొలిచి గుర్తు పెట్టండి. పంపులో కొలిచిన ఒట్టి నీళ్ళు పోసి, రోజూ నడిచే నడకతోనే ఆ గడి మొత్తం కొట్టండి. మిగిలిన నీళ్ళు కొలవండి. ఎన్ని లీటర్లు ఖర్చయ్యాయో దాన్ని 40తో గుణిస్తే ఎకరానికి పట్టే నీళ్ళు వస్తాయి. ఉదాహరణకి 4 లీటర్లు పట్టాయంటే ఎకరానికి 160 లీటర్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు 10. ఎకరం మోతాదులో పదో వంతు ఒక్కో ట్యాంకులో వేయాలి. అంతే.

మనిషి మారితే నడక మారుతుంది, నాజిల్ మారితే ధార మారుతుంది, అప్పుడు మళ్ళీ కొలవాలి. నాజిల్ ఫ్లాట్ ఫ్యాన్ గానీ ఫ్లడ్ జెట్ గానీ (వెడల్పుగా పట్టీలా చిమ్మే రకాలు) పెట్టండి. పురుగు మందులకి వాడే గుండ్రంగా చిమ్మే నాజిల్‌తో కలుపు మందు కొడితే సన్న తుంపరలు గాలికి పోతాయి, కింద ఒక చోట ఎక్కువ ఒక చోట తక్కువ పడుతుంది.

6. మొలిచాక కొట్టే మందు: కలుపు 2 నుంచి 4 ఆకులు, జొన్న 3 నుంచి 5 కాలర్లు

ఈ రెండూ కలిసే రోజులు వారం, మహా అయితే పది రోజులుంటాయి. అందుకే 2 కాలర్లు కనిపించగానే మందు, నాజిల్, మనిషి అన్నీ రెడీ పెట్టుకోండి. ఆ టైమ్‌లోనే వాన పట్టిందంటే రెండు మూడు రోజులు అలా పోతాయి.

రెండిట్లో ఒకటి ముందు దాటిపోయేలా ఉంటే కలుపు సైజుకే విలువివ్వండి. జొన్న ఇంకా 2 కాలర్లే అయినా కలుపు 4 ఆకులకి వచ్చేస్తే కొట్టేయాలి, మీ మందు లేబుల్ ఒప్పుకుంటే. 10 సెంటీమీటర్లు దాటిన తోటకూర జాతి కలుపుని చంపడం చాలా కష్టం.

ఏ కలుపుకి ఏది అంటే క్లుప్తంగా ఇది:

- గడ్డి జాతి, వెడల్పాకు కలిసి ఉంటే టెంబోట్రయోన్ లేదా టోప్రామెజోన్, అనుమతి ఉన్న చోట అట్రజిన్‌తో కలిపి. మీసోట్రయోన్ కూడా ఈ కుటుంబమే, కాకపోతే కొన్ని గడ్డి జాతుల మీద బలం తక్కువ. ఇవి అట్రజిన్‌తో కలిస్తే విడివిడిగా కంటే బాగా పనిచేస్తాయి.
- తుంగ ఎక్కువుంటే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్. పై మందులు తుంగని కాస్త తెల్లబరిచి వదిలేస్తాయి.
- వెడల్పాకు మాత్రమే ఉంటే 2,4-డి పనిచేస్తుంది, కానీ జాగ్రత్తలు ఎక్కువ.

లేబుల్స్‌లో కనిపించే గడువులు సాధారణంగా ఇలా ఉంటాయి. చేనంతా కొట్టే 2,4-డి జొన్న 20 సెంటీమీటర్ల ఎత్తులోపు, అట్రజిన్ 30 సెంటీమీటర్లలోపు, నికోసల్ఫ్యూరాన్ (ఇదీ మొలిచాక కొట్టే కలుపు మందే) 6 కాలర్లలోపు, మీసోట్రయోన్ 8 ఆకుల్లోపు. ఎత్తు, ఆకులు రెండూ రాసి ఉంటే ఏది ముందొస్తే అదే గడువు. ఎత్తు కొలిచేటప్పుడు ఆకుని పైకి లాగి కొలవకండి, మొక్క ఎలా నిలబడి ఉందో అలాగే కొలవాలి.

2,4-డి కొట్టాక వారం పది రోజులు కాండం పెళుసుగా ఉంటుంది, ఆ రోజుల్లో గాలివానొస్తే మొక్కలు పుటుక్కున విరుగుతాయి, అంతరకృషి చేసినా విరుగుతాయి. పక్కన పత్తి, మిరప, టమాట, ద్రాక్ష ఉంటే నా మాట విని ఆ మందు మానేయండి, పత్తి దాని వాసనకే ఆకులు ముడుచుకుంటుంది.

స్వీట్ కార్న్, పాప్ కార్న్, విత్తనోత్పత్తి చేలు వేసినవాళ్ళకి ఒక హెచ్చరిక. కొన్ని స్వీట్ కార్న్ రకాల్లో ఈ మందుల్ని అరిగించుకునే జన్యువు దెబ్బతిని ఉంటుంది. అలాంటి రకం మీద నికోసల్ఫ్యూరాన్ పడితే మొక్కే చచ్చిపోవచ్చు, మీసోట్రయోన్ లాంటివి కూడా గట్టి దెబ్బే తీస్తాయి. విత్తనం కంపెనీ ఇచ్చిన సూచనలు చూసుకోండి, తెలియకపోతే ముందు ఒక సాలు మీద కొట్టి వారం ఆగండి.

7. పురుగు మందుతో కలిపి కొట్టొచ్చా?

ఇది విడిగా రాయాల్సిందే, ఎందుకంటే కత్తెర పురుగు వచ్చే టైమ్, కలుపు మందు కొట్టే టైమ్ ఒకటే, ఒక కూలితో రెండు పనులూ అయిపోతాయని అందరికీ అనిపిస్తుంది.

క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి ఫాస్ఫరస్ జాతి పురుగు మందులు జొన్న మొక్క కలుపు మందుని అరిగించుకునే శక్తిని అడ్డుకుంటాయి. మీసోట్రయోన్, నికోసల్ఫ్యూరాన్ లాంటి వాటితో కలిపినా, ముందూ వెనకా వారంలోపు కొట్టినా జొన్న తెల్లబడి గిడసబారిపోతుంది. విత్తేటప్పుడు సాలులో వేసిన ఆ జాతి గుళికలతో కూడా ఇదే ప్రమాదం. పైగా పురుగు మందు సుడిలో పడాలి, కలుపు మందు సుడిలో పడకుండా కింద కలుపు మీద పడాలి, రెండు పనులు ఒక ధారతో ఎలా అవుతాయి చెప్పండి.

కనీసం 7 రోజుల తేడా పెట్టండి.

8. కొట్టే రోజు చెక్‌లిస్ట్

- నేలలో పదును ఉంది, కలుపు నిగనిగలాడుతూ ఉంది. ఎండకి ముడుచుకుపోయి ఉంటే తడి ఇచ్చి, రెండు మూడు రోజుల్లో తేరుకున్నాక కొట్టండి.
- జొన్న కూడా బాగుంది. రాత్రి బాగా చలి పెట్టిన మర్నాడు, రెండు రోజులు నీళ్ళు నిలిచిన చేలో కొట్టొద్దు, మొక్క మందుని అరిగించుకోలేదు.
- ఆకుల మీద మంచు ఆరింది. పొద్దున్న 8, 9 గంటల నుంచి ఎండ ముదిరేలోపు మంచి టైమ్. 32 డిగ్రీలు దాటితే జొన్న ఆకులు మాడే అవకాశం పెరుగుతుంది.
- గాలి మెల్లగా ఉంది. అసలు ఆకు కదలని తెల్లవారుజాము కూడా మంచిది కాదు, సన్న తుంపరలు గాల్లోనే వేలాడుతూ పక్క చేలోకి జారిపోతాయి.
- వాన సూచన లేదు. కొన్ని మందులకి గంట చాలు, నికోసల్ఫ్యూరాన్‌కి 4 గంటలు, 2,4-డి అమైన్‌కి 6 నుంచి 8 గంటలు పొడిగా ఉండాలి.
- మందుతో పాటు ఇచ్చిన జిగురు లేదా నూనె ఉంది. అది లేకుండా టెంబోట్రయోన్, టోప్రామెజోన్ కొట్టడం సగం మందు పారబోసినట్టే.
- చేతికి గ్లోవ్స్, ముఖానికి మాస్క్, నిండుగా చేతుల చొక్కా.

కలిపే వరస కూడా ముఖ్యమే. ముందు సగం ట్యాంకు శుభ్రమైన నీళ్ళు. తర్వాత పొడి, గుళికల రూపంలో ఉన్న మందు, బాగా కలిపాక చిక్కటి ద్రావణం లాంటివి, ఆ తర్వాత పాలలా మారే నూనె మందులు, చివర్లో జిగురు, ఆపైన మిగతా నీళ్ళు. వరస తప్పితే అడుగున పెరుగులా గడ్డకట్టి నాజిల్ మూసుకుపోతుంది. కొత్తగా రెండు మందులు కలుపుతుంటే ముందు గాజు సీసాలో అదే నిష్పత్తిలో కలిపి అరగంట చూడండి.

9. కొట్టాక ఏం కనిపించాలి

టెంబోట్రయోన్ జాతి మందులు కొడితే 4, 5 రోజులకి కలుపు చిగురు తెల్లబడుతుంది, చావడానికి రెండు వారాలు పడుతుంది. మూడో రోజుకే "ఏమీ అవలేదు" అని మళ్ళీ కొట్టేవాళ్ళున్నారు, దయచేసి ఆగండి. హాలోసల్ఫ్యూరాన్ ఇంకా నెమ్మది, తుంగ ముందు పెరగడం ఆగుతుంది, తర్వాత పసుపెక్కుతుంది. అట్రజిన్ అయితే ముదురు ఆకుల అంచుల నుంచి పసుపు మొదలవుతుంది.

జొన్న ఆకుల మీద అక్కడక్కడా తెల్లటి మచ్చలొస్తే కంగారు పడకండి, కొత్త ఆకు పచ్చగా వస్తుంటే వారంలో సర్దుకుంటుంది. సుడి ఉల్లికాడలా చుట్టుకుపోయి విప్పుకోకపోతే అది ఎక్కువగా 2,4-డి దెబ్బ. గాలికి తునిగే రోజులు దాటేదాకా చేలో దిగకుండా ఉండడమే అప్పుడు చేయగలిగింది.

10. తప్పులు, వాటికి చేయాల్సింది

మొలవకముందు మందు కొట్టడం కుదరలేదు. కంగారులో ఆలస్యంగా అదే మందు కొట్టకండి, అట్రజిన్ తప్ప మిగతావి మొలిచిన కలుపుని చంపవు. 3 కాలర్లకే నేరుగా మొలిచాక కొట్టే మందుకి వెళ్ళండి.

మొదటి మందు బాగా పనిచేసింది, 6 కాలర్లకి మళ్ళీ పలచగా కలుపు మొలిచింది. సాళ్ళ మధ్య గుంటక తిప్పి మొదట్లోకి మట్టి ఎగదోస్తే చాలు, రెండో మందు అక్కర్లేదు.

ఒకే కలుపు ప్రతి ఏడూ మిగిలిపోతోంది. అదే మందు మళ్ళీ మళ్ళీ వాడితే తట్టుకునే మొక్కలు మిగిలి వాటి విత్తనమే పెరుగుతుంది. మందు పేరు మార్చడం కాదు, పనిచేసే తీరు మారాలి. టెంబోట్రయోన్ బదులు మీసోట్రయోన్ వాడితే మారినట్టు కాదు, రెండూ ఒకే కుటుంబం. లేబుల్ మీద గ్రూపు నంబర్ ఉంటే అది చూసి మార్చండి.

పంపులో పాత మందు మిగిలింది. 2,4-డి కొట్టిన పంపుతో తర్వాత వేరే పంటకి పురుగు మందు కొడితే ఆ అడుగు బొట్లే పంటని ముడిచేస్తాయి. దానికి విడిగా ఒక పంపు పెట్టుకోవడమే మేలు.

8 కాలర్లు దాటిపోయింది, కలుపు మోకాలెత్తు ఉంది. ఇక్కడ నిజం చెప్పాలి, పోవాల్సిన దిగుబడి చాలావరకు పోయింది, ఇప్పుడు చేనంతా మందు కొడితే మిగిలిన కండెలకి కూడా దెబ్బ తగులుతుంది. నాజిల్‌కి డొప్ప తగిలించి సాళ్ళ మధ్య పారాక్వాట్ కొడదామని కొందరు అడుగుతారు. జొన్న కాండానికి తగిలిన చోటల్లా మాడిపోతుంది, మనిషి కడుపులోకి వెళ్తే ఆ మందుకి విరుగుడు లేదు, నేను ఎవరికీ చెప్పను. మనుషుల్ని పెట్టి తోటకూర, వయ్యారిభామ, గునుగు లాంటివి విత్తనం రాలేలోపు పీకించండి, పూత దాటినవైతే గట్టు మీద పడేయకుండా గోనెసంచిలో వేసి చేను బయటికి తీసుకెళ్ళాలి, పీకిన మొక్క మీద కూడా విత్తనం ముదురుతుంది.